ఏడాకుల కొమ్మ

టైలరమ్మ పంతొమ్మిదేళ్ళుగా వీధి వీధంతటికీ బట్టలు కత్తిరిస్తోంది గానీ, గోడ అవతలి వదినగారు మాత్రం తన గులాబీల మీద ఆమెని ఏనాడూ కత్తెర పెట్టనిచ్చిన పాపాన పోలేదు. అలాంటిది, తడి గచ్చు మీద కాలు జారి, తుంటి ఎముక విరిగి, అంబులెన్సు ఎక్కబోతూ ఆవిడే స్వయంగా మొక్కల కత్తెర తెప్పించి మరదలి చేతిలో పెట్టింది. నొప్పికి పళ్ళు బిగపట్టుకుని కూడా పాఠం మానలేదు మహాతల్లి.

"ఆకులు లెక్కపెట్టు," అంది స్ట్రెచరు మీంచి. "ఒక్కో రెబ్బకి ఐదాకులుంటే మనది. ఏడుంటే కింద అడవి వేరు నుంచి పుట్టిన దొంగ పిలక. దాన్ని చూసి జాలిపడకు. కత్తెరతో కోస్తే మళ్ళీ వస్తుంది, మొదలంటా పీకెయ్."

"అలాగే వదినగారూ."

"ఆయన మొక్క జాగ్రత్త."

"కంటికి రెప్పలా చూసుకుంటాను."

"రెప్ప అప్పుడప్పుడూ మూసుకుంటుంది. కళ్ళు తెరుచుకుని చూసుకో," అంది వదిన. అంబులెన్సు తలుపు వేసేశారు.

వదినంటే టైలరమ్మ భర్తకి స్వయానా అక్క. ముప్ఫై ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పిల్లల్లేరు, భర్త పోయి తొమ్మిదేళ్ళయింది. ఉన్నవల్లా ఇంటి ముందు ఇరవై రెండు గులాబీ మొక్కలు. అన్నీ హైబ్రిడ్ టీ రకాలే. పొడుగాటి కాడ, కాడకి ఒక్కటే పువ్వు, ఆ పువ్వు విచ్చుకోవడంలో ఒక దర్జా. లెక్కల టీచరు కాబట్టి వాటికి పేర్ల బదులు నంబర్లు వేసుకుంది, ఒకటి నుంచి ఇరవై ఒకటి దాకా. ఇరవై రెండోదానికి నంబరు లేదు. అది 'ఆయన మొక్క'.

ఆయన తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగి. ఆదివారం వస్తే చాలు, చిన్న కుంచె పట్టుకుని ఈ పువ్వు పుప్పొడి ఆ పువ్వుకి అద్దుతూ, కాయలు కట్టించి, విత్తనాలు మొలిపించేవాడు. పదకొండేళ్ళు అలా చేస్తే వందల మొలకల్లోంచి నచ్చిన మొక్క ఒక్కటే వచ్చింది. దాన్ని తనే అడవి గులాబీ వేరు మీద అంటు కట్టుకున్నాడు. పువ్వు లోపల పండిన బొప్పాయి రంగు, అంచులు మాత్రం లేత గులాబీ. నర్సరీ పెద్దాయన చూసి ముచ్చటపడి, కొమ్మ మీంచి ఒక్క చిగురు కన్ను ఇస్తే అంటు కట్టి పది మొక్కలు చేస్తానన్నాడు. "పేరు పెట్టాక ఇస్తాను" అన్నాడు ఈయన. పేరు పెట్టకుండానే పోయాడు. ఆ తర్వాత వదినని అడిగితే, "ఆయన ఇవ్వనిది నేనెలా ఇస్తాను?" అంది. కాబట్టి ఆ మొక్క భూమ్మీద ఒక్కటే ఉంది. కుళాయి పక్కన, గోడ వారన, ఒకే ఒక్క ముసలి కొమ్మతో.

అంటు గులాబీ అంటే నిజానికి రెండు మొక్కలు. కింద మొండి అడవి గులాబీ వేరు, పైన మేలు రకం. రెండూ కలిసినచోట బొడిపెలాంటి ముడి ఉంటుంది. ముడి కింద నుంచి పిలక లేస్తే అది అడవిది, మేలు రకాన్ని తొక్కేస్తుంది. ఇదంతా టైలరమ్మకి తెలుసు, పంతొమ్మిదేళ్ళు గోడ మీంచి వింది గనక. విన్నదంతా వచ్చినట్టే అనుకోవడం మన అందరికీ ఉన్న జబ్బే.

ఆపరేషన్ బాగానే జరిగింది. తర్వాత ఆరేడు వారాలు నడక నేర్పే కేంద్రంలో ఉంచాలన్నారు. అక్కడి నుంచి రోజూ సాయంత్రం ఐదింటికి వదిన ఫోను చేసి హాజరు పిలిచేది.

"ఒకటి?"

"మొగ్గలు మూడు."

"నాలుగు?"

"ఆకుల మీద నల్లమచ్చలు. ఆ ఆకులు ఏరేసి, మందు కొట్టాను."

"నేల మీద రాలినవి?"

"అవి కూడా ఏరాను."

ఆఖర్న ఎప్పుడూ అదే ప్రశ్న. "ఆయన మొక్క?"

పన్నెండో రోజున ఆయన మొక్క మొదట్లోంచి కొత్త కొమ్మ ఒకటి తన్నుకొచ్చింది. ఎర్రగా, నున్నగా, బొటనవేలంత లావు, మూడు రోజుల్లో మోకాలి ఎత్తు. టైలరమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఆకులు లెక్కపెట్టింది. ఏడు. ఇంకో రెబ్బ చూసింది. ఏడు. పక్కనున్న ముసలి కొమ్మ చూసింది. ఐదు. ఇంకేం కావాలి? చేతికి గుడ్డ చుట్టుకుని, కొమ్మని మొదలంటా పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. చప్పుడు చేస్తూ ఊడొచ్చింది. చెత్తబండిలో వేసేసింది.

"దొంగ పిలక వస్తే పీకేశాను వదినగారూ," అని సాయంత్రం గొప్పగా చెప్పింది.

"ఏడాకులేనా?"

"రెండుసార్లు లెక్కపెట్టాను."

"శభాష్," అంది వదిన.

పెళ్ళయి వచ్చిన పంతొమ్మిదేళ్ళలో ఆ నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదలు. ఆ రాత్రి టైలరమ్మ భర్తకి దాన్ని నాలుగుసార్లు వినిపించింది. సిటీ బస్సు నడిపొచ్చి అలిసిపోయిన మనిషి, నాలుగుసార్లూ 'ఊఁ' కొట్టాడు.

ఆ సంబరం వారం కూడా నిలవలేదు. ముసలి కొమ్మ చివర నల్లబడింది. ఎండేమో అనుకుంది. మర్నాటికి నలుపు బెత్తెడు దిగింది. నీళ్ళు ఎక్కువయ్యాయేమో అని తగ్గించింది. తక్కువయ్యాయేమో అని పెంచింది. నలుపు మాత్రం ఎవరి మాటా వినకుండా రోజుకింత చొప్పున కిందికి దిగుతూనే ఉంది. ఆకులు పసుపుపచ్చగా మారి రాలాయి.

"ఆయన మొక్క?" అంది ఫోన్లో వదిన.

"బాగానే ఉంది," అంది టైలరమ్మ.

అబద్ధం ఆడాక తెలిసింది, అది ఒక్కటితో పోదని. మర్నాడు మళ్ళీ ఆడాల్సి వచ్చింది. మూడో రోజు "చిగురేమైనా వేసిందా?" అంటే "వేసేలా ఉంది" అంది. చుడీదారు చేతులు రెండూ ఒకే వైపువి కత్తిరించి పెట్టింది. పెళ్ళివాళ్ళ జాకెట్టు తిప్పి కుట్టేసింది. ముద్ద గొంతు దిగడం లేదు. లోకంలో ఒకే ఒక్క మొక్క, పోయిన మనిషి పదకొండేళ్ళ కష్టం, తన చేతుల్లో పెడితే తను చంపేస్తోంది.

నాలుగో రోజు పొద్దున్నే నర్సరీకి పరుగెత్తి పెద్దాయన్ని వెంటబెట్టుకొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, కానీ ఏం చేస్తుంది?

పెద్దాయన మొక్క ముందు చతికిలబడి, మొదట్లో మట్టి గోకడం మొదలుపెట్టాడు. ఏటేటా వదిన వేసిన ఎరువు అక్కడ దిబ్బలా పేరుకుంది. అది తీస్తుంటే, జానెడు లోతున పిడికిలంత ముడి బయటపడింది. ముడి పక్కన తాజా గాయం. ఆయన వేలు దాని మీద ఆగింది.

"ఇక్కణ్ణుంచేనా అమ్మా నువ్వు పీకింది?"

"అవును బాబాయ్ గారూ. దొంగ పిలక."

"ఇది ముడి మీద ఉంది, కింద కాదు. నువ్వు పీకింది అసలు మొక్కనే. కొత్త రక్తం ఎక్కించుకోడానికి అదే వేసుకున్న కొమ్మ."

"ఏడాకులున్నాయి గదండీ!"

"బలంగా లేచిన కొమ్మకి మేలు రకంలోనూ ఏడుంటాయి. ఆకులు లెక్కపెడితే చాలదమ్మా. ఎక్కడ పుట్టిందో మట్టి తీసి చూడాలి."

టైలరమ్మ కుళాయి గట్టు మీద కూలబడింది. ఆ కొమ్మ ఏదని అడిగాడాయన. చెత్తబండి ఎక్కి పన్నెండు రోజులైందని చెప్పింది.

పెద్దాయన సంచీలోంచి కత్తి తీసి, మందుతో తుడిచి, ముసలి కొమ్మని నలుపు కింద ఒక్క వేటు కోశాడు. కోసినచోట చూపించాడు. "మధ్యలో బెండు చూడు. గోధుమరంగుంటే చచ్చినట్టు, తెల్లగా ఉంటే బతికున్నట్టు." గోధుమరంగే. ఇంకొంచెం కింద కోశాడు. గోధుమరంగు. ఇంకొంచెం కింద. అదే. ఒక్కో ముక్క తెగుతుంటే టైలరమ్మ తన చెయ్యి తెగినట్టు కళ్ళు మూసుకుంటోంది. నడుమెత్తు కొమ్మ మోకాలెత్తయింది, మోకాలెత్తు జానెడయింది. చివరికి ముడి మీద రెండు వేళ్ళ ఎత్తు మొద్దు మిగిలింది.

"చూడు," అన్నాడు పెద్దాయన.

చూసింది. తెలుపు. మీగడ తెలుపు.

ఆ మొద్దుకి ఒక పక్క, ఆవగింజంత ఎర్రటి చుక్క. అదే కన్ను. కొమ్మ పుట్టగల చోటు ఆ మొక్కకి కంటికి కనపడేది ఇక అదొక్కటే.

"రెండు దారులున్నాయి," అన్నాడాయన కత్తి మడుస్తూ. "ఈ కన్ను గీరి తీసుకెళ్ళి కొత్త వేరు మీద అంటు కడతాను. పట్టిందా, బతికింది. పట్టలేదా, అంతే సంగతులు. లేదంటే ఇక్కడే వదిలేద్దాం. నలుపు ఇంకో రెండు వేళ్ళు దిగిందా, అప్పుడూ అంతే సంగతులు. నా మొక్కయితే నేనే తేల్చుకుందును. టీచరుగారిదాయె. రేపు సాయంత్రంలోగా అడిగి చెప్పు."

భర్తకి చెబితే మంచి సలహా ఇచ్చాడు. "అలాంటి రంగుదే ఇంకోటి కొని పాతెయ్. కళ్ళజోడు లేకపోతే మా అక్కకి నేనే కనపడను, గులాబీ ఏం కనపడుతుంది?"

"కళ్ళజోడు పెట్టుకుంటుందిగా!" అని కసిరింది టైలరమ్మ. చీర మార్చుకుని బస్సెక్కింది.

నడక నేర్పే హాల్లో వదిన రెండు ఇనప కడ్డీల మధ్య అడుగులు వేస్తోంది. పక్కన తెల్లకోటు అమ్మాయి "పదిహేడు, పద్ధెనిమిది" అని లెక్కపెడుతోంది. "పంతొమ్మిది. ఒకటి వదిలేశావు," అని సరిదిద్దుతోంది వదిన. మరదల్ని చూసి ఆగింది. ఫోను చేసే వేళకి మనిషే వచ్చిందంటే ఏదో ఉందని తెలియనంత అమాయకురాలు కాదావిడ.

కుర్చీలో కూర్చోబెట్టాక టైలరమ్మ ఏ ఉపోద్ఘాతమూ లేకుండా చెప్పేసింది. పీకిన కొమ్మ, నలుపు, మూడు రోజుల అబద్ధాలు, మీగడ తెలుపు, ఆవగింజ. చెబుతున్నంతసేపూ చూపు నేల మీదే. "మిమ్మల్ని క్షమించమని అడగలేను వదినగారూ. తిట్టండి. కానీ ముందు ఏ దారో చెప్పండి, ఆయన రేపు సాయంత్రంలోగా చెప్పమన్నారు."

వదిన తిట్టలేదు.

"ముడి మీద నుంచి వచ్చిందన్నాడా?"

"అవునండీ."

"ఎర్రగా, నున్నగా, బొటనవేలంత లావు."

"మీకెలా తెలుసు?"

వదిన వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. "కిందటేడు రెండు. అంతకుముందటేడు ఒకటి. దానికి ముందేడు మూడు." ఆగింది. "ఆరు. ఆరు కొమ్మలు పీకాను. ఒక్కసారైనా మట్టి తీసి చూళ్ళేదు. ఆకులు లెక్కపెట్టి, ఏడని తేలగానే పీకేశాను. ఎన్ని ఎరువులేసినా మొక్క ఎందుకు కుంగిపోతోందో అర్థం కాలేదు. ఆయన ఉన్నప్పుడు ఐదు కొమ్మలుండేవి దానికి."

టైలరమ్మ తల ఎత్తింది. ఎదురుగా ఉన్నది ముప్ఫై ఏళ్ళు పిల్లల లెక్కలు దిద్దిన మనిషి. ఆ మొహంలో ఇప్పుడు తప్పు చేసిన బడిపిల్ల కనిపిస్తోంది. టైలరమ్మకి ఆవిణ్ణి చూసి జాలేసింది. నిజం చెప్పాలంటే, ఆ జాలి వెనకే ప్రాణం కాస్త కుదుటపడింది కూడా. పాపం పంచుకునే మనిషి దొరికితే ఎవరికైనా ఊరటే.

"అంటు వద్దు," అంది వదిన. "అక్కడే వదిలెయ్. వేరు పాతది, బలమైంది. మూడేళ్ళుగా ఎంత పీకినా మళ్ళీ మళ్ళీ తోసుకొచ్చింది. ఈసారి కూడా వస్తుంది. మనం అడ్డం పడకపోతే చాలు."

ఆ రోజు నుంచి హాజరు పద్ధతి తిరగబడింది. ఒకటో నంబరు కంటే ముందు ఆయన మొక్క. "ఎంతుంది?" అనేది వదిన. "ఆవగింజంతే." మర్నాడు ఆవగింజ. ఆ మర్నాడూ ఆవగింజే. టైలరమ్మ పాత గొడుగు ఒకటి విప్పి మొద్దుకి ఎండ తగలకుండా పాతింది. రోజూ పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు నీళ్ళు. నలుపు దిగిందేమోనని గంటకోసారి గోడ దాటి వెళ్ళి చూసింది. "మొక్క పెరగాలనుకుంటే దాన్ని కాసేపు ఒంటరిగా వదిలెయ్యాలేమో," అన్నాడు భర్త. మొగుళ్ళు అప్పుడప్పుడూ నిజాలు మాట్లాడతారు గానీ పెళ్ళాలు వినరు.

పదో రోజున పెసరగింజంతయింది. ఆ తర్వాత నాలుగు రోజులు కదల్లేదు. పదిహేనో రోజు పొద్దున టైలరమ్మ గొడుగు పక్కకి తీసి చూస్తే, గింజ విచ్చుకుని, రెండు ఎర్రటి ఆకుల కొసలు బయటికి తొంగిచూస్తున్నాయి.

ఆమె అక్కడే మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని భోరున ఏడ్చింది. అటు పాలవాడు వెళుతూ ఏం జరిగిందోనని కంగారుపడి ఆగాడు. "ఏం లేదు బాబూ, చిగురేసింది," అంది ఏడుస్తూనే. వాడికేమీ అర్థం కాక వెళ్ళిపోయాడు.

ఐదింటి దాకా ఆగలేక అప్పుడే ఫోను చేసింది. "చిగురేసింది వదినగారూ."

అవతల చేతికర్ర టకటకలు చటుక్కున ఆగిపోయాయి.

"వింటున్నారా?"

"ఇంకోసారి చెప్పు," అంది వదిన.

చెప్పింది. మొత్తం మూడుసార్లు చెప్పించుకుంది ఆవిడ.

ఏడు వారాలు గడిచాక వదిన చేతికర్ర పట్టుకుని ఇంటికొచ్చింది. లోపలికి కూడా వెళ్ళకుండా నేరుగా కుళాయి దగ్గరికి నడిచింది. టైలరమ్మ ఇంట్లోంచి కుర్చీ తెచ్చి వేసింది. కొమ్మ అప్పటికి మూరెడు పెరిగింది. నిటారుగా, ఎర్రగా, బలంగా. పక్కనే ముడి మీద ఇంకో మొలక కూడా లేచింది. మట్టి దిబ్బ తీసేసినందువల్ల ముడి స్పష్టంగా పైకి కనిపిస్తోంది. వదిన వంగలేక వంగి, రెండు వేళ్ళతో ఒక ఆకు రెబ్బ పట్టుకుని, లెక్కపెట్టడానికి పెదవులు కదిలించబోయి, వదిలేసింది.

"నీకో మాట చెప్పాలి," అంది, మొక్క వైపే చూస్తూ. "ఈ వీధిలో నీకంటే మొక్కలు తెలిసినవాళ్ళు నలుగురున్నారు. నర్సరీ ఆయనే ఉన్నాడు. అయినా నీకెందుకు అప్పజెప్పానో తెలుసా?"

"ఇంటి మనిషిననుకున్నారేమో."

"కాదు. ఇది చచ్చిపోతోందని నాకు తెలుసు. మూడేళ్ళనుంచీ తెలుసు. నా చేతుల్లో చావకూడదనుకున్నాను. నీ చేతుల్లో చస్తే నిన్ను తిట్టుకుంటూ బతకొచ్చు అనుకున్నాను. నన్ను నేను తిట్టుకోవడం కంటే అది తేలిక." ఆవిడ చేతికర్రని ఒళ్ళోకి లాక్కుంది. "ఆ స్ట్రెచరు మీద, అంత నొప్పిలోనూ, హమ్మయ్య అనుకున్నాను."

టైలరమ్మకి ఒళ్ళు మండింది. నెల్లాళ్ళు తిండి లేదు, నిద్ర లేదు, తెలిసిన పని చేతకాలేదు, ఇదంతా ఇందుకా? నోటిదాకా వచ్చిన మాట ఒకటుంది, రాయదగ్గది కాదు. కానీ కుర్చీలో కూర్చున్న ఆ ముసలి మనిషి తన పరువంతా విప్పి తన ముందు పెట్టింది. ఎవరూ అడగలేదు, చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. సూదిలో దారం ఎక్కించేంతసేపు నిలిచింది ఆ కోపం. తర్వాత ఎక్కణ్ణుంచో నవ్వు తన్నుకొచ్చింది.

"ఎంత గడుసువారండీ మీరు! నెల్లాళ్ళు నాకు ముద్ద దిగలేదు తెలుసా?"

"నాకు మూడేళ్ళు," అంది వదిన. ఆవిడకీ నవ్వొచ్చింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "నర్సరీ ఆయనకి కబురు పెట్టు. కొమ్మ ముదిరాక కళ్ళు తీసి మూడు అంట్లు కట్టమను. ఒకటి తన దగ్గరే ఉంచుకోమను. ఒకటి నాకు. ఒకటి మీ ఇంట్లో పాతు."

"అన్నయ్యగారు ఎవరికీ ఇవ్వలేదు కదండీ?"

"ఇవ్వలేదు. ఆయనకి తన చేతి మీద నమ్మకం ఎక్కువ. నాకు నా చేతి మీద లేదు. ఒకళ్ళ దగ్గర పోయినా ఇంకొకళ్ళ దగ్గర ఉంటుంది."

"మా ఇంట్లోది చస్తే?"

"తిడతాను," అంది వదిన. "తర్వాత నా దాన్నించి ఒక కన్నిస్తాను."

టైలరమ్మ గోడ అవతలికి, తన ఇంటి ముందున్న నాలుగడుగుల జాగా వైపు చూసింది. అక్కడ ఎండ బాగానే పడుతుంది. నీళ్ళు కూడా అందుతాయి. పాత సైకిలొకటి అడ్డంగా ఉంది, దాన్ని ఇవాళే తీసేయించాలి. పొద్దు నడినెత్తికొచ్చింది. కుట్టుకొట్టు ఇంకా తెరవలేదు, ఎవరో వచ్చి పిలిచి వెళ్ళిపోయినట్టున్నారు కూడా. ఆమె ఒక చేత్తో వదినని, ఇంకో చేత్తో కుర్చీని పట్టుకుని ఇంట్లోకి నడిపించింది. చాలా రోజుల తర్వాత ఇద్దరికీ బాగా ఆకలేసింది.